నాయన తీసుకెళ్ళిన తాంబూలం

ఈ మధ్య రాప్తాడు దాటాక హైవే మీద మా కారు ఒక ట్రాక్టరు వెనక చిక్కుకుపోయింది. ట్రాలీ నిండా చెనిక్కాయ కట్టె కుక్కుకుని, తాళ్ళు బిగించుకుని, అది తన దారిన నింపాదిగా పోతోంది. పిల్లలు దుమ్ము దుమ్మని గోల చేసి అద్దాలు ఎక్కించారు. నేను మాత్రం నా పక్క అద్దం దించేసి ఆ వాసనను ముక్కు నిండా పీల్చుకుంటూ కూర్చున్నాను. ఎండిన ఆకు, ఎర్రమట్టి, ఎక్కడో తీగకు అంటుకుని మిగిలిపోయిన కాయలోని నూనె, అన్నీ కలిసిన వాసన అది. వేరుశనగ కాయలు తెంపుకున్నాక మిగిలే ఎండు తీగనే మా వైపు కట్టె అంటారు. పొయ్యిలోకి కాదు, పశువులకు. వాన మొహం చాటేసిన ఏడు ఇంట్లో మనుషులకు రాగిసంకటి ఎంతో, కొట్టంలో ఎద్దులకు ఆ కట్టె అంత. అలాంటి కట్టె వామి ఒకటి కాలిపోయినందుకే మా నాయన కోర్టు బోను ఎక్కాడు.

మా ఊరు ఉరవకొండకు పన్నెండు మైళ్ళు. కార్తీకం చలిలో చెనిక్కాయలు పెరికేసిన చేలల్లో మేం ఆడపిల్లలం ఒంగుని, మట్టిలో దాక్కున్న కాయల్ని వేళ్ళతో గీకి గీకి ఏరి, లంగా ఒడిలో వేసుకుని, మధ్యాహ్నానికి ఎవరో ఒకరి కొట్టం వెనక చేరి కుండలో ఉప్పేసి ఉడకబెట్టుకునేవాళ్ళం. పండగనాడు ఓళిగలు, మామూలు రోజు సంకటిలోకి రోట్లో దంచిన ఊరుబిండి, ఎప్పుడైనా ఉరవకొండ సంతకు పోతే పొట్లంలో చల్లారిపోయిన ఉగ్గాని, బజ్జి, ఇవే మాకు తెలిసిన రుచులు. కాయలు తెంపడం అయిపోయాక ఒక్కో ఇంటి వెనకా ఒక్కో వామి లేచేది. మా గోడకు ఆనుకుని ఓబులేసు మామ వామి ఉండేది. గోడెక్కి దాని మీదకు దూకడం, జారడం, మళ్ళీ ఎక్కడం మా ఆట. ఓబులేసు మామ మాకు చుట్టం కాదు. గట్టు పక్క చేను ఆయనది, నాయన కంటే పదేళ్ళు చిన్న. వరసపెట్టి మామ అనేవాళ్ళం. మేం వామి తొక్కుతుంటే చేతికర్రతో వెంటపడేవాడు కానీ ఒక్క దెబ్బా వేసిన పాపాన పోలేదు.

ఊరన్నాక తగవులు ఉంటాయి. మా ఊళ్ళో వాటికొక పద్ధతి ఉండేది. రెండిళ్ళ మధ్య మాట పెరిగితే, ఇద్దరిలో వయసులో పెద్దవాడు ఇత్తడి పళ్ళెంలో టెంకాయ, ఆకులు, వక్కలు, బెల్లం గడ్డ పెట్టుకుని, పట్టపగలు అందరూ చూస్తుండగా అవతలి ఇంటికి పోయి, “తప్పయింది, మనసులో పెట్టుకోవద్దు” అని ఇచ్చి రావాలి. తప్పు ఎవరిదని ఎవరూ అడిగేవారు కాదు. పెద్దవాడు కాబట్టి వాడే పోవాలి, అంతే. తాంబూలం అందుకున్నాక మళ్ళీ ఆ మాట ఎత్తినవాడికి ఊళ్ళో పరువుండేది కాదు. ఇంత తెలివైన పద్ధతి నేను చదువుకున్న ఏ పుస్తకంలోనూ చూడలేదు.

నాకు పదేళ్ళప్పుడు, వాన సరిగా పడని ఏడు, ఓబులేసు మామ ఎద్దులు మా చేలో పడి మేశాయి. నాయన వాటిని తోలుకుపోయి బందెల దొడ్డిలో పెట్టించాడు. ఇద్దరూ రచ్చకట్ట దగ్గర నోటికొచ్చినట్టు తిట్టుకున్నారు. మూడో రోజు మిట్టమధ్యాహ్నం ఓబులేసు మామ వామి అంటుకుంది. ఎవరు పెట్టారో, పొయ్యి బూడిద ఎగిరి పడిందో ఇప్పటికీ తెలియదు. అందరితో పాటు నాయన కూడా కుండలతో నీళ్ళు మోశాడు, చేతి మీద వెంట్రుకలు మాడిపోయాయి. సాయంత్రానికి వామి బూడిదైంది, ఊళ్ళో గుసగుసలు మొదలయ్యాయి. మర్నాడు పొద్దున మా అమ్మే పళ్ళెం సర్దింది.

“నువ్వు పెద్దోనివి. పో, ఇచ్చిరాపో.”

“నేనేం చేసినానే?”

“చేసినావని ఎవురన్నారు? ఇంగ ఈ రగడ ఆడికి నిలిచిపోవాల, అంతే.”

నాయన పోయాడు. ఓబులేసు మామ తాంబూలం అందుకుని, మజ్జిగ ఇచ్చి పంపాడు. పీడ వదిలిందనుకున్నాం. వారం తిరక్కుండా ఆయన బావమరిది పైఊరి నుంచి వచ్చి, ఏం నూరిపోశాడో ఏమో, మామను పోలీసు స్టేషనుకు తీసుకుపోయి ఫిర్యాదు రాయించాడు. పోలీసులు వచ్చి అడిగితే ఊరు ఊరంతా ఉన్నమాటే చెప్పింది, తాంబూలం తీసుకుపోయినాడని. బయటి నుంచి వచ్చిన ఆ అధికారికి ఒకే ప్రశ్న: చేయనివాడు ఎందుకు క్షమాపణ చెప్పుకుంటాడు? నాయనను జీపులో ఎక్కించుకుపోతుంటే అమ్మ ఆ పళ్ళెం వైపు చూసి, “నా చేత్తోనే సర్దిస్తినే” అని గుండెలు బాదుకుంది. ఆ ఏడుపు నాకింకా చెవుల్లో ఉంది.

బెయిలు మీద వచ్చాక నాయన మొదట ఒక పేరున్న వకీలు దగ్గరికి పోయాడు. ఆయన ఫైలు తిరగేసి, మంట పెడుతుంటే చూసినవాడు ఎవడూ లేడు, ఉన్నదల్లా తాంబూలమే, కాబట్టి అసలు ఓబులేసు ఇంటికి పోనేలేదని చెప్పు, చాలు అన్నాడట. “ఊరంతా చూసింది గద సామీ, పోయినోన్ని పోలేదని యెట్ల చెప్పేది?” అని నాయన లేచి వచ్చేశాడు. నేరం రుజువైతే ఏళ్ళ తరబడి జైలని నాయనకు తెలుసు. అమ్మ చంకలో తమ్ముడు, వెనక నేను. అయినా లేచి వచ్చేశాడు. మా నాయన మొండితనాన్ని నేను చాలాసార్లు తిట్టుకున్నాను కానీ, ఆ ఒక్కరోజు మొండితనానికి మాత్రం ఇప్పటికీ చేతులెత్తి మొక్కుతాను.

అట్లా బయటికి వచ్చి, కోర్టు సందులో ఉగ్గాని హోటలు బెంచీ మీద దిగులుగా కూర్చుంటే, హోటలాయన, “వన్నూరుసాబు దగ్గరికి పోప్పా, వినే మనిషి” అని పక్క గది చూపించాడట. వన్నూరుసాబు పొట్టి మనిషి. నల్లకోటు భుజాల దగ్గర వెలిసి గోధుమరంగుకు తిరిగింది. చెవిలో ఎప్పుడూ అత్తరు దూది. ఎవరు వచ్చినా ఆయన ముందు కాగితాలు అడిగేవాడు కాదు. “పొద్దున ఏం తిన్నావో ఆడ్నుంచి చెప్పు పెద్దాయనా, తొందరేం లేదు” అనేవాడు. నాయన సంకటి దగ్గర మొదలుపెట్టి మజ్జిగ దాకా చెప్పాడు. అంతా విని ఆయన, “తాంబూలం తీసకపోయినావు గదా, తీసకపోయినాననే చెప్పు. ఎందుకు తీసకపోయినావో చెప్పించే పని నాది” అన్నాడు.

తర్వాతి ఆదివారం తన పాత మోపెడ్ మీద మా ఊరు వచ్చాడు. రచ్చకట్ట మీద కూర్చుని, ముసలివాళ్ళతో వక్కాకు నములుతూ, ఎవరింటికి ఎప్పుడు తాంబూలం పోయిందో పీర్ల పండగ కబుర్లు అడిగినట్టు అడిగి తెలుసుకున్నాడు. మా ఇంట్లో ఊరుబిండితో రెండు సంకటి ముద్దలు తిన్నాడు. పోలీసులు గంటలో రాసుకుపోయిన ఊరిని ఆయన పూటంతా కూర్చుని విన్నాడు.

వాయిదాలు ఏడాదిన్నర నడిచాయి. సాక్షుల వాయిదా మాత్రం నా వేసవి సెలవుల్లో పడింది. అమ్మతో పాటు నేనూ పోయి కోర్టు హాల్లో వెనక గోడకు ఆనుకుని నిలబడ్డాను. అవతలి పక్షం సాక్షిగా మా ఊరి పెద్ద ఎర్రిస్వామి తాత బోనెక్కి, తాంబూలం ఇవ్వడం కళ్ళారా చూశానని, తప్పయిందని అనడం చెవులారా విన్నానని చెప్పాడు. అమ్మ చెయ్యి నా భుజం మీద బిగుసుకుంది. వన్నూరుసాబు నింపాదిగా లేచాడు.

“పెద్దాయనా, మీ ఇంట్లోంచి ఎప్పుడైనా తాంబూలం పోయిందా?”

“పోయింది సామీ. మూడు తూర్లు.”

“మూడు తూర్లు ఏం తప్పు చేసినావు?”

తాతకు కోపం వచ్చింది. “నేనేం చేస్తా సామీ? ఒగతూరి మా తమ్ముని కోడిపుంజు సచ్చిపోయింటే నామీద పడినాడు. దాన్ని తిన్నింది నక్క. అయినా పెద్దోన్ని గదా, నేను పోకుంటే యెట్ల?”

జడ్జిగారు కలం ఆపి తలెత్తారు. ఆ మాట ఇంకోసారి చెప్పించుకుని రాసుకున్నారు. తర్వాత ఓబులేసు మామ వంతు. ఆయన ఒక్కసారి కూడా నాయన వైపు చూడలేదు.

“తాంబూలం తీసుకున్నావా?”

“తీసుకున్నా.”

“టెంకాయ ఏం చేసినావు?”

“పగలగొట్టి... చట్నీ చేసుకున్నాం సామీ.”

హాల్లో నవ్వులు. వన్నూరుసాబు నవ్వలేదు. చాలా మెల్లగా, “నీ వామికి నిప్పు పెట్టినోడు ఇచ్చిన టెంకాయని తెలిసింటే, నీ పిల్లోళ్ళకు పెట్టుంటివా అప్పా?” అని అడిగాడు. ఓబులేసు మామ తల దించుకునే, “ఆ పొద్దు నేనట్లా అనుకోలేదు సామీ” అన్నాడు. అమ్మ చెయ్యి వదులైంది. నాకు న్యాయశాస్త్రం తెలియదు కానీ, ఒక మనిషి గొంతు పెంచకుండా, ఎవరినీ అబద్ధాలకోరని అనకుండా, నిజాన్ని దాని ఊరి మాటల్లోనే బయటికి రప్పించడం ఆరోజు చూశాను.

నెల రోజులకు కేసు కొట్టేశారు. నాయన వన్నూరుసాబు కాళ్ళ మీద పడబోతే ఆయన పట్టుకుని లేపి, “ఇంగ కొన్నాళ్ళు వాని జోలికి పోవద్దు పెద్దాయనా” అన్నాడు. నాయన సరేనని తలూపాడు. మర్నాడు తెల్లారి స్నానం చేసి, అమ్మను అడగకుండా తానే ఆకులు, వక్కలు, టెంకాయ తెచ్చి పళ్ళెంలో సర్దుకున్నాడు. అమ్మ గుమ్మానికి అడ్డం నిలబడింది. “గెలిచినోడు పోకుంటే ఇంగెవురు పోతారే? వాడా?” అన్నాడు నాయన. నేను వెనకే పరుగెత్తాను. ఓబులేసు మామ వాకిట్లోకి వచ్చి పళ్ళెం చూసి, చేతులు చాచలేక అట్లాగే నిలబడిపోయాడు. ఆయన భార్య కొంగుతో కళ్ళు తుడుచుకుంటూ ముందుకొచ్చి అందుకుంది. ఆ ఏడు మా రెండు చేలకూ విత్తనం ఒకే రోజు పడింది.

నాయన పోయారు, వన్నూరుసాబు పోయారు. కోర్టు సందులో ఆ గది ఇప్పుడు జిరాక్స్ షాపు. మా ఊళ్ళో వామికి, గట్టుకు, గొర్రెకు, బోరుకు, దేనికైనా ఇప్పుడు నేరుగా స్టేషనుకే పోతారు. ఎవరింటికైనా తాంబూలం పోయి ఎన్నేళ్ళయిందో చెప్పగలిగినవారు కూడా లేరు. పోయిన నెల తమ్ముడికీ మా చిన్నాయన కొడుకుకూ బోరు నీళ్ళ దగ్గర తగవొచ్చి ఒకరి మీద ఒకరు కేసులు పెట్టుకున్నారు. ఇద్దరిలో తమ్ముడే పెద్ద. ఫోన్ చేసి, ఒకసారి తాంబూలం తీసుకుని పోరా అన్నాను.

“లాయరు వద్దన్నాడక్కా. ఇచ్చినామంటే ఒప్పుకున్నట్టే రాసుకుంటారంట. నాయన కేసు మర్చిపోయినావా?”

“కేసు కొట్టేసిన మర్నాడు నాయన యాడికి పోయినాడో నీకు తెలీదా?”

తెలుసు. అమ్మ నోట వందసార్లు విన్నాడు.

“అది నాయన గదక్కా” అన్నాడు, ఫోన్ పెట్టేశాడు.