లేచి నిలబడిన సాయిబు

నంద్యాల నుంచి ఆళ్లగడ్డ వెళ్తుంటే, ఒక ఊళ్లో శవయాత్ర ఎదురొచ్చి మా బస్సు ఆగింది. నేను అలవాటుగా తల తిప్పుకున్నాను. పక్కసీటు ముసలి సాయిబు మాత్రం కమ్మీ పట్టుకుని లేచి నిలబడ్డాడు.

"తెలిసినవాళ్లా?" అని అడిగాను.

"కాదప్పా. ఎవురో ఏమో."

"మరి ఎందుకు లేచారు?"

"యేరే మతమాయన శవం పోతాంటే మా ప్రవక్త లేసి నిలబడినాడంట. ఆయన మనోడు కాదు గదా అంటే, అదీ ప్రాణమే గదా అన్నాడంట."

డప్పులు దూరమయ్యాక ఆయన కూర్చోబోయాడు. అప్పటికే చంటిబిడ్డతో ఒకావిడ ఆ సీట్లో సర్దుకుంది. నేను లేవబోతే భుజం మీద చెయ్యేసి ఆపాడు.

"కూచో నాయనా. ఆళ్లగడ్డ ఈడనే గదా."

అప్పటికి మేం సగం దూరం కూడా రాలేదు.