ఉద్యోగానికి ఊరేగింపు

ఆ రోజుల్లో బరంపురంలో మా ఇళ్లల్లో ఆడపిల్లని ఉద్యోగానికి పంపడమంటే అత్తారింటికి పంపినంత తతంగం. ఇప్పటి పిల్లలు చెవుల్లో పాటలు పెట్టుకుని స్కూటీ ఎక్కి చక్కా పోతారు. చూస్తే ముచ్చటేస్తుంది, కాస్త కుళ్లుగానూ ఉంటుంది. నాకు ఛత్రపూర్‌లో సర్కారు ఆఫీసులో టైపిస్టు ఉద్యోగం వచ్చినప్పుడు, చేరడానికి ఆఖరి గడువు ఓ శనివారం. ఒంటిపూట ఆఫీసు. ఒంటిగంటకి తలుపులు మూసేలోగా వెళ్లి సంతకం పెట్టకపోతే ఆ కుర్చీ నా వెనకున్నవాళ్లకి పోతుంది. (ఆఖరి రోజు దాకా ఎందుకు ఆగామంటారా? అంతకు ముందున్న రోజులేవీ అమ్మమ్మకి నచ్చలేదు.)

బస్సులో పోతానన్నాను. "మనింట్లో మొదటి గుంట ఉద్యోగానికెల్తంటే బస్సులో నిలబడి ఎల్తాదేటి? బాగానే సెప్పేవు!" అంది అమ్మమ్మ. మావయ్య అప్పుడే ఓ పాత కారు కొన్నాడు. పెట్రోలు ఎంతుందో చూపించే ముల్లు చచ్చిపోయింది కాబట్టి ట్యాంకులో కర్ర ముంచి చూసుకునేవాడు. అదొక్కటీ తప్ప కారు బంగారమని ఆయన నమ్మకం. ఆ పొద్దున్న బరంపురం లంజిపల్లి పేటలో మా ఇంటి ముందు అమ్మమ్మ దానికి పూజ మొదలుపెట్టింది. చక్రాలకీ తలుపులకీ దీపాలకీ పసుపు రాసి, బొట్లు పెట్టి, "ఇది తిండి తినే నోరెక్కడ్రా?" అని అడిగింది. మావయ్య పెట్రోలు మూత చూపించాడు. ఇక చూసుకోండి, గడపకి రాసినట్టు దానికి దట్టంగా పట్టించేసింది.

ముందు మావయ్య, పక్కన కొబ్బరికాయల సంచీ. వెనక అమ్మ, అమ్మమ్మ, నేను. ఊరు దాటి హైవే మీద హుషారుగా పోతుంటే కారు గట్టిగా దగ్గి ఆగిపోయింది. ఎంత సెల్ఫ్ కొట్టినా అంటుకోదు. మావయ్య ప్లగ్గులు విప్పి మసి గీకి బిగించి, దేనికైనా మంచిదని కర్ర ముంచి పెట్రోలు చూశాడు. నిండుగానే ఉంది. సెల్ఫ్ కొడితే బండి లేచింది. "ప్లగ్గులే! నాను ముందే అనుకున్నాను," అన్నాడు. కొంత దూరం పోయాక మళ్లీ అదే దగ్గు. సైకిలు మీద పోతున్న ఓ ఒడియా పెద్దమనిషి "కణ హెలా?" అని, ఏమైందో చూడ్డానికి దిగి, కార్బురేటర్లో చెత్త ఉందని తీర్పు చెప్పాడు. మావయ్య దాన్ని ఊది మూతి అంతా నలుపు చేసుకుని, మళ్లీ కర్ర ముంచి చూసి, సెల్ఫ్ కొట్టాడు. లేచింది! పెద్దమనిషి మీసం దువ్వుకున్నాడు. ఆ తర్వాత ఆగినప్పుడు అమ్మమ్మ దిష్టి తీసి కొబ్బరికాయ కొట్టింది; మావయ్య అలవాటుగా కర్ర ముంచాడు; కారు లేచింది. "సూసేవా? దిష్టిరా, దిష్టి!" అంది అమ్మమ్మ. అలా ఎవరి వైద్యం వాళ్లకి గెలిచింది.

మళ్లీ ఆగేసరికి పన్నెండు దాటింది. నాకు ఏడుపొకటే తక్కువ. పక్కన బస్సు ఆపి కండక్టరు "ఛత్రపూర్, ఛత్రపూర్" అని పిలుస్తుంటే, మావయ్య పరువు అడ్డొచ్చి పొమ్మని చెయ్యూపేశాడు. ఆ ఉడుకుమోత్తనంలోనే నాకు బుర్ర పనిచేసింది. ఒకసారి ప్లగ్గు, ఒకసారి కార్బురేటరు, ఒకసారి కొబ్బరికాయ. మందు మారుతోంది గానీ, ప్రతిసారీ ఆ కర్ర మాత్రం లోపలికి వెళ్తోంది!

"మావయ్యా, ఏటీ ముట్టుకోకు. మూతొక్కటే తియ్యి," అన్నాను. తిప్పగానే బుస్సుమని గాలి పీల్చింది. సెల్ఫ్ కొడితే ఇంజను ఠక్కున అందుకుంది. వంటింట్లో కొత్త నూనె డబ్బాకి ఒక్క బెజ్జమే పెడితే నూనె రాదు, గాలికి రెండోది పెట్టాలి. ఈ మూతకీ గాలి బెజ్జం ఉంది. అది ఎండకి అట్టకట్టిన పసుపు కింద భద్రంగా ఉంది.

కనిపెట్టడం తేలికే, అమ్మమ్మకి చెప్పడమే కష్టం. "శుభమా అని ఎల్తంటే పసుపు తుడిసేత్తారా? నా పేణం పోయినా నేదు!" అని మూత మీద చెయ్యి అడ్డం పెట్టేసింది. మావయ్య తల పట్టుకున్నాడు. నేను పమిట పిన్నీసు తీశాను. "తుడవను అమ్మమ్మా. సిన్న బెజ్జం సేస్తాను, ముక్కు కుట్టినట్టు." ఆవిడ ఒక్క క్షణం ఆలోచించి చెయ్యి తీసేసింది. "బేగి కుట్టు మరి! ఆఫీసు మూసేత్తారు."

ముక్కు కుట్టించుకున్న కారు ఇంక ఎక్కడా ఆగలేదు. పెద్ద గుమస్తా గొడుగు చేతిలోకి తీసుకుంటుండగా దూకినట్టు లోపల పడ్డాను. ఆయన ఒకసారి గాలి వాసన చూశాడు. "కారు బాగుచేసి వస్తున్నానండీ," అన్నాను, అడక్కుండానే. సంతకం పెట్టి బయటికొస్తే అందరూ ఎండలో నిలబడి ఉన్నారు. నా సంతోషం పట్టలేక అమ్మని గిరగిరా తిప్పేశాను.

"అయిపోనాదేటే?" అంది అమ్మమ్మ. "మరింటికెల్దారి."

"సోమారం మళ్లీ రావాలి అమ్మమ్మా."

"మళ్లీనా?"

"రోజూ రావాలి."

కారెక్కి చాలా దూరం వచ్చాక చిన్నబోయిన మొహంతో, "రోజూ అంటే నాను రానేనే," అంది అమ్మమ్మ. మావయ్య పగలబడి నవ్వాడు, నేనైతే వెనక సీట్లో మెలికలు తిరిగిపోయాను. సోమవారం నుంచి రిటైరయ్యేదాకా బస్సులో నిలబడే వెళ్లాను, హాయిగానే వెళ్లాను. ఇప్పుడు తలుచుకున్నా నవ్వొస్తుంది. కానీ అలా పడిపడి నవ్విన ఆ పిల్లతో, "నవ్వితే నవ్వావు గానీ, పక్కనున్న ఆవిడ చెయ్యి ఓసారి పట్టుకోవే," అని చెప్పాలనిపిస్తుంది.