కోళ్ల షెడ్డులో మినిట్స్ పుస్తకాలు

యూనివర్సిటీలో నేను పనిచేసిన సెక్షన్‌కు విద్యార్థులు వచ్చేది తక్కువ. పీజీ కోర్సుల మీద, పరిశోధన డిగ్రీల మీద కమిటీలు చేసే నిర్ణయాలను రాసి దాచడం మా పని. ఏ విభాగంలో ఎన్ని సీట్లుండాలి, ఏ పేపరు తీసేయాలి, ఎవరి కింద ఎవరు పరిశోధన చేయాలి, ఎవరికి గడువు పెంచాలి, అన్నీ ఆ కమిటీలే తేల్చేవి. తేల్చిన ప్రతి మాటనూ టైపు చేసి, నల్ల అట్టల మినిట్స్ పుస్తకంలో అంటించి, కింద అధ్యక్షుడి సంతకం తీసుకునేవాళ్లం. ఇరవై నాలుగేళ్ల వయసులో ఆ ఉద్యోగం వచ్చినప్పుడు అది చాలా నీరసమైన పని అనుకున్నాను. చేవెళ్ల నుంచి బస్సులో పోయి రావడమే కష్టం, ఆఫీసులో మాత్రం సుఖమే అని ఇంట్లో చెప్పేదాన్ని.

పుస్తకాలకూ ఫైళ్లకూ కాపలా మా రికార్డు అసిస్టెంటు. కనకమామిడి మనిషి. అందరం కాకా అని పిలిచేవాళ్లం. చిన్నప్పుడు నిజాం కాలంలో ఉర్దూ బడిలో నాలుగు తరగతులు చదివాడు. తెలుగు కూడబలుక్కుని చదివేవాడు గానీ రాత మాత్రం ఉర్దూలోనే. ఒక్కో ఏడు పుస్తకాలనూ కాగితాలనూ విషయం వారీగా ఎర్ర గుడ్డల్లో మూటకట్టి, పైన అట్టముక్క వేలాడదీసి, దాని మీద ఉర్దూలో గుర్తు రాసేవాడు. ఆ మూటలను బస్తాలు అనేవాళ్లం. మీటింగు జరిగినంతసేపూ హాలు గుమ్మం పక్కన స్టూలు వేసుకుని కూర్చునేవాడు. లోపలినుంచి ఎవరైనా పాత తీర్మానం అడిగితే, చాయ్ చల్లారేలోపు ఆ పుస్తకం బల్ల మీద ఉండేది.

"తెలుగుల రాయరాదా కాకా, మేము గూడ చదువుకుంటం గదా," అన్నాను ఒకసారి.

"నేనున్నంతసేపు మీకేం ఫికర్ బిడ్డా," అని నవ్వాడు. నేనూ నవ్వేసి నా సీటుకు వెళ్లిపోయాను.

నగరానికి పడమటి దిక్కున అద్దాల మేడలు లేస్తున్న రోజులవి. బస్సు కిటికీలోంచి చూస్తే మొయినాబాద్ దాటేదాకా వెంచర్ల బోర్డులు, ప్లాట్ల హద్దులకు పాతిన సిమెంటు కడీలు. మా ఊళ్లో డిగ్రీ చదివిన ప్రతివాళ్లూ అమీర్‌పేటలో ఏదో ఒక కోర్సు నేర్చుకుంటున్నారు. యూనివర్సిటీకి కూడా కంప్యూటర్ ల్యాబ్ కావాలన్నారు. మా బిల్డింగులో చల్లగా, విశాలంగా ఉన్నది రికార్డు రూము ఒక్కటే. అది ఖాళీ చేయమన్నారు. ఎవరం ఎదురు చెప్పలేదు. నాకైతే సంతోషమే అయింది, మా సెక్షన్‌కూ రెండు కంప్యూటర్లు వస్తాయని.

బస్తాలను మొయినాబాద్ దగ్గర కిరాయికి తీసుకున్న ఒక పాత కోళ్ల షెడ్డుకు పంపారు. కోళ్లను తీసేసి ఏడాది దాటినా వాసన పోలేదు. రెండు లారీల మూటలతో పాటు కాక కూడా వెళ్లాడు. ఇటుకలు పేర్చి, వాటి మీద చెక్కలు వేసి, ఏడు వెనుక ఏడు వరసగా అమర్చి వచ్చాడు. మరుసటి నెలలోనే రిటైరయ్యాడు. "నువ్వు రోజూ ఆ దారినే వస్తవు గదమ్మా, వారానికోసారి దిగి చూసిరా," అని మా ఆఫీసరు తాళంచెవి నా చేతికిచ్చాడు. మొదట్లో వారానికోసారి దిగాను. తర్వాత నెలకోసారి. తర్వాత బస్సులోంచే రేకుల కప్పు చూసి, ఉన్నదిలే అనుకునేదాన్ని.

ఆ తర్వాతి ఏడు ఎండాకాలంలో ఒకామె మా సెక్షన్‌కు వచ్చింది. శంకర్‌పల్లి దగ్గరి పల్లె. జూనియర్ కాలేజీలో పాఠాలు చెబుతూ, తమ వైపు కూరగాయలు పండించే ఆడవాళ్ల మీద పరిశోధన చేసింది. సిద్ధాంత గ్రంథం నాలుగు ప్రతులు బైండు చేయించి, బట్ట సంచిలో పెట్టుకుని వచ్చింది. వాటిని తీసుకోబోమని పరీక్షల విభాగం తిప్పి పంపిందట. కొత్తగా కంప్యూటర్‌లో చేసిన జాబితాలో ఆమె రిజిస్ట్రేషన్ రద్దయినట్టు ఉంది.

"మేడం, మా గైడు సారు పోయినంక నాకు వేరే గైడునిచ్చి, రెండేండ్ల గడువు పెంచిన్రు. కమిటీల అయిందని మా హెడ్ సారే చెప్పిండు. కాయితం వస్తదిలే అని నేను పని చేసుకుంట పోయిన. ఇప్పుడు ఆర్డరేది అంటున్నరు," అంది.

ఆమె చెబుతుండగానే నాకు గుర్తొచ్చింది. ఆ తీర్మానం టైపు చేసింది నేనే. ఆమెకు పంపాల్సిన ఉత్తరమూ నేనే టైపు చేశాను. అప్పటి ఆఫీసరు సంతకం పెట్టాడు. ఆమెదీ, డిపార్ట్‌మెంటుదీ రెండు కవర్లూ మరునాడు డిస్పాచ్‌లో వేద్దామని సొరుగులో పెట్టాను. ఆ సాయంత్రమే మా బాపుకు పక్షవాతం వచ్చింది. నెల రోజులు దవాఖానలో ఉన్నాను. తిరిగి వచ్చేసరికి నా సీటు మార్చేశారు. ఆ సొరుగు ఎవరికి పోయిందో, కవర్లేమయ్యాయో నేను అడగలేదు. అసలు ఆ సంగతే మర్చిపోయాను.

"పోస్టులో పోయి ఉంటది. నేను వెతుకుత," అన్నాను. నోటికొచ్చిన ఆ అబద్ధం నాకే అసహ్యమనిపించింది. వెనక్కి తీసుకునే ధైర్యం మాత్రం రాలేదు.

మా ఆఫీసరు ఒకటే మాట అన్నాడు. "తీర్మానం చూపియ్యండి, ఈ క్షణమే ఆర్డరిస్త. నోటి మాటతోటి డిగ్రీలియ్యం." ఆమె డిపార్ట్‌మెంటు హెడ్డు అప్పటికే రిటైరై వేరే జిల్లాకు వెళ్లిపోయాడు. ఇక మిగిలింది మొయినాబాద్ షెడ్డే.

తాళం తీసి లోపలికి వెళ్లాను. రెండు రేకులు లేచిపోయి ఉన్నాయి. కిందటి వానాకాలమంతా నీళ్లు లోపలికే కురిసినట్టున్నాయి. పై వరస బస్తాల ఎర్ర రంగు దిగి కింది వాటికి పట్టింది. ఒక మూలంతా చెదలు. అట్టముక్కల మీద ఉర్దూ అక్షరాలు. ఏది ఏ ఏడుదో నాకు తెలియదు. ఒక మూట విప్పితే కాగితాలు ముద్దగా చేతికి వచ్చాయి. ఇలా అన్నీ విప్పుకుంటూ పోతే ఉన్నవి కూడా పాడు చేస్తానని భయమేసింది. అట్టముక్కల మీది గీతలను చూసినవి చూసినట్టు నోటుబుక్కులో ఎక్కించుకుని కనకమామిడి వెళ్లాను.

కాక ఇంటి వెనక ఒకప్పుడున్న చేను ఇప్పుడు లేదు. ఆ జాగాలో ఎవరిదో ఫాంహౌసు, చుట్టూ తీగల కంచె. కాక మంచంలో ఉన్నాడు. షుగరు వచ్చి కండ్లు పోయాయని కోడలు చెప్పింది. నా గొంతు వినగానే గుర్తుపట్టాడు.

"బస్తాలు మంచిగున్నయా బిడ్డా?" అని అడిగాడు మొదట.

"ఉన్నయి కాకా," అన్నాను. ఆ ఏడాది నేనాడిన రెండో అబద్ధం అది.

నోటుబుక్కు ఆయనకు చూపించి లాభం లేదు. ఏం చేయాలో తోచలేదు. ఆయనే అరచెయ్యి చాపాడు. "గీయ్, చూస్త," అన్నాడు. ఒక్కో గుర్తునూ వేలితో ఆయన అరచేతిలో గీశాను. ఉర్దూ అంకెల్లో తమలపాకులాంటిది అయిదు. చుక్క పెడితే సున్న. ఆయన పెదవులు కదిలేవి. "ఇది కాదు. ఇది సీట్లది. ఇది సిలబసు," అంటూ పోయాడు. నేను ప్రతి దాని పక్కన తెలుగులో రాసుకున్నాను. ఆమె తీర్మానం ఉండాల్సిన బస్తా దగ్గరికి వచ్చేసరికి ఆయన చెయ్యి మూసి, "ఇగో, ఇదే. తలుపు కెల్లి మూడో వరస," అన్నాడు.

మరునాడే ఆ పుస్తకం దొరికింది. తీర్మానమూ ఉంది. ఆమె పేరు, కొత్త గైడు పేరు, రెండేళ్ల గడువు, అన్నీ టైపులో స్పష్టంగా ఉన్నాయి. కింద అధ్యక్షుడి సంతకం మాత్రం నీళ్లకు కరిగి నీలం మరక అయిపోయింది. ఆ పేజీని చీరకొంగుతో తుడిచి, పుస్తకాన్ని ఒళ్లో పెట్టుకుని బస్సులో తీసుకెళ్లాను. ఆఫీసరు అటూ ఇటూ తిప్పి చూసి పుస్తకం మూసేశాడు.

"సంతకం లేని తీర్మానం చెల్లది. రేపు ఆడిట్‌ల అడిగితే నేనేం చెప్పాలె?"

ఆమె ఆ రోజు మా సెక్షన్‌లోనే బల్ల మీద కూర్చుని ఉంది. ఏడవలేదు. "ఇంకేం జేద్దాం అక్కా?" అంది. మేడం అనడం ఎప్పుడు మానేసిందో నేను గమనించలేదు. డిగ్రీ కాలేజీ లెక్చరర్ల నోటిఫికేషన్ వచ్చిందనీ, తన వయసుకు ఇదే ఆఖరు అవకాశమనీ ఆ రోజే చెప్పింది.

మళ్లీ కాక దగ్గరికి వెళ్లాను. అప్పటికి ఆయన మాట బాగా సన్నగిల్లింది. సంతకం పోయిన సంగతి చెబితే కండ్లు మూసుకున్నాడు. నిద్రపోయాడేమో అనుకున్నాను. అప్పుడు అడిగాడు.

"మీటింగు షురూ అయితె మొదలు ఏం జదువుతరు బిడ్డా?"

"పోయిన మీటింగు మినిట్స్ చదివి ఖాయం చేస్తరు."

"మరి? ముప్పై ఏండ్లు గుమ్మం కాడ కూసుండి గదే విన్న. పాత పుస్తకం నిండింది, తర్వాతి మీటింగు కొత్త పుస్తకంల రాసిన్రు. అది పక్క బస్తాల ఉంటది. దాన్ని వాన తాకదు, నేను గోడకానిచ్చి పెట్టిన."

రోజూ మినిట్స్ టైపు చేసిన నాకు ఆ సంగతి తట్టలేదు. పక్క బస్తా పొడిగానే ఉంది. కొత్త పుస్తకం మొదటి పేజీలో, గత సమావేశపు తీర్మానాలన్నీ ధ్రువీకరించినట్టు ఉంది. కింద సంతకం చెక్కుచెదరలేదు. ఈసారి ఆఫీసరు కాదనలేకపోయాడు. అయినా ఫైలు లీగల్ సలహాకు పోయింది, అక్కడినుంచి కమిటీకి పోయింది, కమిటీ కూడటానికి నెలలు పట్టింది. ఆర్డరు వచ్చేసరికి నోటిఫికేషన్ గడువు ముగిసింది. కాక కూడా అప్పటికే పోయాడు. నేను వెళ్లేసరికి దహనం అయిపోయింది. పుస్తకం దొరికిన మాట మాత్రం అంతకు ముందే ఆయనకు చెప్పగలిగాను.

ఆమె వైవా బాగా జరిగింది. డిగ్రీ వచ్చిన వారంలోనే ఒక ఆదివారం పొద్దున చేవెళ్లలో మా ఇంటికి వచ్చింది, మిఠాయి డబ్బాతో. "నువ్వు లేకుంటె నాకు ఈ డిగ్రీ వచ్చేది గాదు అక్కా," అంటూ నా చేతులు పట్టుకుంది. ఆ చేతులను అలాగే ఉంచి ఊరుకోవడం నావల్ల కాలేదు. సొరుగు సంగతి, కవర్ల సంగతి, బాపు దవాఖాన సంగతి, అన్నీ చెప్పేశాను.

ఆమె చేతులు వెనక్కి తీసుకుంది. బాపు విషయంలో తప్పు పట్టలేదు. ఒకటే అడిగింది.

"నీకు ఎప్పటిసంది తెలుసు?"

"నువ్వు మొదలు వచ్చిన దినం నుంచే."

"అయ్యో," అంది, ఎవరికో దెబ్బ తగిలితే అన్నట్టు. మళ్లీ తనే అంది. "ఉత్తరం తయారైంది, సంతకమైంది, పంపుడే మరిచిన్రు అని నువ్వొక్క కాయితం రాసిస్తే నేను కోర్టుకు పోయేదాన్ని. నోటిఫికేషనుకు అప్లై జేసేదాన్ని. ఉద్యోగం వచ్చేదో రాకపోయేదో, అది వేరే ముచ్చట. ఏడాదిన్నర నీ ముంగట కూసుండి అక్కా అక్కా అన్న గదా."

"నా ఉద్యోగం పోతదని భయపడ్డ," అన్నాను. అది నిజమే గానీ, పైకి అన్నాక ఎంత చిన్నదిగా వినిపించిందో.

"పోయేది గాదు," అంది. "ఒక మెమో ఇస్తుండిరి, అంతే."

చెప్పులు వేసుకుని, గుమ్మంలో ఉన్న మా అవ్వకు దండం పెట్టి వెళ్లిపోయింది. ఆ తర్వాత యూనివర్సిటీకి ఏ పనికి వచ్చినా మా సెక్షన్ వైపు రాలేదు. కాన్వొకేషన్ రోజు దూరం నుంచి చూశాను. పలకరించడానికి నాకు ముఖం చెల్లలేదు. ఆ జూనియర్ కాలేజీలోనే ఇప్పటికీ పాఠాలు చెబుతోందని విన్నాను.

మరుసటి ఏడు షెడ్డు యజమాని ఆ జాగా అమ్మేశాడు. పది రోజుల్లో ఖాళీ చేయమన్నాడు. మినిట్స్ పుస్తకాలు మాత్రం తెచ్చుకోండి, ఫైళ్లు అక్కర్లేదని ఆఫీసు తేల్చింది. నేను సెలవు పెట్టి, కాక చెప్పగా రాసుకున్న జాబితా పట్టుకుని మూడు రోజులు ఆ షెడ్డులో కూర్చున్నాను. నల్ల అట్టల పుస్తకాలు అరవై దాకా బయటికి తీశాను. ఉండలుగా అంటుకుపోయిన పేజీలను ఎండలో పరిచి, గాలికి ఎగరకుండా ఇటుక ముక్కలు పెట్టి, ఎండినవాటిని ఒక్కొక్కటే విడదీశాను. ఎనిమిది పుస్తకాలు ఎంత చేసినా విడిపోలేదు. బలవంతంగా తీస్తే అక్షరాలు ఇటు పేజీవి అటు పేజీకి అంటుకుని వచ్చాయి. ఎవరి గడువులు, ఎవరి గైడులు వాటిలో ఉన్నాయో ఇక ఎవరూ చెప్పలేరు.

మిగతా బస్తాల కోసం నాలుగో రోజు లారీ వచ్చింది. ఎక్కించేవాళ్లు గుడ్డలు విప్పి కాగితాలు లారీలోకి గుమ్మరించి, గుడ్డలు పక్కన పడేశారు. అట్టముక్కలు కాళ్ల కింద నలిగాయి. "ఇవి ఎక్కడికి పోతయన్నా?" అని డ్రైవర్‌ను అడిగాను.

"మిల్లుకమ్మా," అన్నాడు. "అట్టపెట్టెలు జేస్తరట."