ఐస్‌క్రీం గోదాములో రన్‌వే దీపం

నాచారంలో మా షెడ్డు చిన్నది. ఎక్కడో ఉత్తరాన, హిమాలయాల్లోని ఓ బుల్లి విమానాశ్రయానికి రన్‌వే దీపాలు చేసే ఆర్డరు మాకొచ్చినప్పుడు ఉప్పల్ బస్సులో కనపడ్డ ప్రతి మనిషికీ చెప్పుకున్నాను. చెప్పుకోనా మరి? అప్పటిదాకా మేం చేసినవన్నీ వీధి దీపాలే.

తనిఖీ నాది. మా పద్ధతి ఒకటే: దీపాన్ని మే నెల ఎండలో రేకుల కప్పు మీద పెడతాం. అద్దం చుట్టూ నీళ్లు దిగకుండా వేసిన రబ్బరు మెత్తబడకపోతే పాసు. నమూనా చూడటానికొచ్చిన అక్కడి ఇంజనీరుకు ఈ సంగతి గొప్పగా చెప్పాను. ఆయన నెమ్మదిగా, మరి గడ్డకట్టే చలిలో పెట్టి చూశారా అన్నాడు. నాలుక కరుచుకున్నాను. చలంటే మాకు డిసెంబరులో ఓ స్వెటరు, అంతే.

అక్కడి పాత దీపాల్లోకి నీళ్లు దిగి, గడ్డకట్టి, పగులుతున్నాయట. మబ్బు పడితే రన్‌వే కనిపించక విమానం వెనక్కి పోతుందట. మంచుకు రోడ్డు మూసేశాక పెద్దాసుపత్రికి ఆ విమానమే దారి. ఆయన భార్యకు చలికాలంలోనే నెలలు నిండుతాయి. అది చెప్పేటప్పుడు ఆయన నేల చూపులు చూశాడు.

"ఫికర్ ఎందుకక్కా? మా బావ ఉప్పల్ల ఐస్‌క్రీం గోదాముల పనిజేస్తడు. ఆడ పెట్టి సూద్దాం," అన్నాడు మా మేస్త్రీ.

మామిడి ఐస్‌క్రీం డబ్బాల మధ్య పెట్టిన దీపాన్ని మర్నాడు తీస్తే రబ్బరు బిస్కెట్టులా విరిగింది. ఏడుపొచ్చింది నాకు. వేరే రబ్బరు వేశాం. అదీ విరిగింది. ఆఖరికి సిలికాన్‌ది వేస్తే, వంచితే వంగింది. బకెట్టులో ముంచినా చుక్క నీరు దిగలేదు. మేస్త్రీ అక్కడే మోకరించి స్తోత్రం చెప్పాడు, నేను కొబ్బరికాయ కొట్టాను, వాళ్ల బావ అందరికీ ఐస్‌క్రీం పంచాడు. పళ్లు జివ్వుమంటున్నా తిన్నాం.

చలికాలంలో ఓ సాయంత్రం ఇంజనీరు వీడియో కాల్ చేశాడు. మంచు కురుస్తోంది. రెండు వరసల్లో మా దీపాలు. వాటి మధ్య విమానం దిగింది. షెడ్డంతా ఈలలే ఈలలు. ఆయన ఫోను పక్కకు తిప్పాడు. శాలువా కప్పుకున్న ఆయన భార్య, పొట్ట మీద చెయ్యేసుకుని, ఒక్కో మెట్టూ ఎక్కుతూ విమానంలోకి పోతోంది.

"దిగుడొక్కటే కాదక్కా, ఎగరాలె," అన్నాడు మేస్త్రీ.

అందరం ఫోను చుట్టూ మూగాం. విమానం మా దీపాల మధ్య పరుగెత్తి, పైకి లేచింది. మేస్త్రీ, నేనూ ఆ ఫోనుకే చేతులూపాం.