దారానికి నట్లు కట్టిన కాక

మా ల్యాబ్ కాక గుండె ఆగి పోయాడని మంగళవారం ఫోనొచ్చింది. నేను ఏడుస్తుంటే అమ్మ అడిగిన మొదటి ప్రశ్న, "అయితే ఇప్పుడు నీ ప్రాజెక్టు ఆగిపోతుందా?" నా ఏడుపు ఒక మనిషి కోసమని దిల్‌సుఖ్‌నగర్‌లోని మా ఇంట్లో ఎవరికీ తట్టలేదు.

కాలేజీ రికార్డుల్లో ఆయన అటెండర్, మాకు మాత్రం బాబాయిలాంటి కాక. అంతకుముందు చాలా ఏళ్లు ఎల్బీ నగర్‌లో ఒక షెడ్డులో ఫైబర్ తలుపులు, నీళ్ల ట్యాంకులు చేశాడు. మా ల్యాబ్ పనీ దానికి దగ్గరిదే. గాజుబట్ట పొరలకు రెజిన్ అనే జిగురు పట్టించి పలక చేస్తాం. మధ్యలో కరెంటు పారే కార్బన్ నానోట్యూబుల పూత ఉన్న సన్నని దారం పెడతాం. పలక లోపల పగులు మొదలైతే, పైకి కనపడకముందే దారంలో కరెంటుకు అడ్డు పెరుగుతుంది. మీటరు చెప్పేస్తుంది.

నా మొదటి పలకల్లో మీటరు ఊరికే ఎగిరెగిరి పడేది. పూత బాగోలేదన్నారు ప్రొఫెసర్. కాక మాత్రం దారానికి తగలకుండా ఉంగరం తీసి జేబులో వేసుకుని, నా పక్కన నిలబడి చేతులు చూశాడు.

"దారాన్ని ఒకసారి గట్టిగ గుంజుతున్నవ్, ఒకసారి వదులుతున్నవ్ బిడ్డా. గట్లయితే అది నీ చెయ్యి సంగతి చెప్తది, పలక సంగతి చెప్పదు."

దారం రెండు కొసలనూ పలక పోసే అచ్చు అంచుల మీదుగా వేలాడదీసి చెరో నట్టు కట్టాడు. రెండూ ఒకే బరువుండాలని వీధి చివరి కంసాలి దగ్గర తూయించుకొచ్చాడు. రెజిన్ గట్టిపడేదాకా దారం ఒకే బిగువులో ఉంది, కదల్లేదు. ఆనాటి నుంచే మా రీడింగులు కుదిరాయి.

ఇప్పుడు మా పరిశోధన పేపర్లో ఆ పద్ధతికి ఒక పేరా, ఒక బొమ్మ ఉన్నాయి. కాక పేరు లేదు. అడిగితే ప్రొఫెసర్ నవ్వారు: "అటెండర్ పేరు ఎలా వేస్తామమ్మా?" చివర కృతజ్ఞతల్లో 'ల్యాబ్ సిబ్బందికి' అని ఒక ముక్క. ఆ తర్వాత కాక బతికుండగా నేనూ మళ్లీ అడగలేదు.

మన్సూరాబాద్‌లో వాళ్లింటికి వెళ్తే ఆయన భార్య నా చెయ్యి వదల్లేదు.

"పేపర్ల పేరొచ్చిందా బిడ్డా? వస్తదని గల్లీల అందరికి చెప్పిండు."

ఇంకా అచ్చు కాలేదన్నాను.

కాక పేరు వెయ్యాలని ఇంట్లో మాట ఎత్తితే నాన్న విసుక్కున్నారు. నా పీహెచ్‌డీ సీటు ఆ ప్రొఫెసర్ చేతిలో ఉందట, ఒక అటెండర్ కోసం పాడు చేసుకోవద్దట. అమ్మ తలూపింది.

పేపర్ జర్నల్‌కు పంపాలంటే రాసినవాళ్లందరి సంతకాలూ కావాలి. నాది ఇవ్వనని నిన్న ప్రొఫెసర్‌కు మెయిల్ పెట్టాను. కాక పేరు చేరేదాకా ఇవ్వను.