కావలి చేప

డెన్‌పసార్ పళ్ల డాక్టరుగారికి కంగారు జాస్తి. పొద్దున ఏడింటికే ఫోన్ చేసి గోల పెట్టాడు.

"గెడేగారూ, చేపల తొట్టి పగిలిపోయింది!"

"నీళ్లు కారుతున్నాయా?"

"లేదు."

"గాజు మీద గీత పడిందా?"

"అదీ లేదు. కానీ టక్‌మని వినబడింది. మా ఆవిడ కూడా విన్నది."

గెడే మెర్తాడ నవ్వు ఆపుకున్నాడు. "అది తొట్టి కాదండీ, మీరు పోయిన నెల మా దగ్గర కొన్న రొయ్య. దానికి ఒక డెక్క పెద్దది కదా, దాన్ని చిటికేసినట్టు మూస్తుంది. అందుకే మేం చిటికె రొయ్య అంటాం. దాని పక్కకి ఎవడో వచ్చుంటాడు, ఫో అంటోంది. కొత్త చేపనేమన్నా వేశారా?"

డాక్టరుగారు నసిగాడు. "ఒక్కటేనండీ. ఎర్రగా ఉంటుంది, రాయి మీద కూచుని చూస్తుంటుంది..."

"చంపేశారు! అది కూచుని చూసేది ఊరికే కాదండీ. రొయ్య నెలకోసారి గుల్ల విడుస్తుంది. ఆ రెండు రోజులూ ఒళ్లు మెత్తగా ఉంటుంది. ఆ రోజు కోసమే అది కాచుకుని కూచుంటుంది. ఇవాళే తీసేయండి. ఇంకో మాట. అడుగున ఖాళీ గుల్ల కనిపిస్తే రొయ్య చచ్చిపోయిందని మళ్లీ ఫోన్ చెయ్యకండి. రెండు రోజుల్లో అదే బయటికొస్తుంది."

డాక్టరుగారు మరి ఏ చేప వెయ్యమంటారని అడిగాడు. నీలం పచ్చా ముగ్గేసినట్టుండే చేప ఒకటి చూశాడట, ఎంతో అందంగా ఉందట. అరవై లీటర్ల తొట్టిలో దానికి తిండి చాలదనీ, కళ్ల ముందే ఎండి చస్తుందనీ గెడే చెప్పాడు. పసుపు పచ్చది? దానికి ఈదడానికి సముద్రం కావాలి, మీ హాలు చాలదు. చివరికి నారింజ రంగు మీద తెల్ల చారలున్నది ఒక్కటి వేసుకోమన్నాడు. "చిన్న తొట్టికి చేపని అందం చూసి తెచ్చుకోకూడదు డాక్టరుగారూ. లోపల ఎవరున్నారో, వాళ్లతో ఎవరికి పడుతుందో చూసి తెచ్చుకోవాలి."

ఎవరితో ఎవరికి పడుతుందో మా పాసిర్ సెలెం ఊళ్లో గెడేకి తెలిసినంతగా ఇంకెవరికీ తెలియదు. బాలీ ఉత్తరపు ఒడ్డున నల్ల ఇసుక ఊరు మాది. రంగు చేపలు పట్టి అమ్మడమే మా బతుకు. గెడే పదహారో ఏట నీళ్లలో దిగి ముప్పై మూడో ఏట ఆగాడు. ఆగడమంటే తనంతట తాను ఆగలేదు, కాళ్లు ఆగిపోయాయి. అప్పట్నించి పదకొండేళ్లుగా అన్నగారి ఇంటి వెనక గదిలో, చక్రాల కుర్చీలో ఉంటున్నాడు. పెళ్లి మాట నడుస్తున్న ఏడే కాళ్లు పోయాయి కాబట్టి ఆ మాట అక్కడితో సరి. వదిన లుహ్ సాసిహ్ మూడు పూటలా అన్నం తెచ్చి పెట్టి, ఊళ్లో కబుర్లన్నీ ఊపిరాడకుండా చెప్పి పోతుంది. ఆవిడ వెళ్లాక గదిలో మిగిలేది చేపల తొట్టికి గాలి కొట్టే మోటారు చప్పుడు ఒకటే.

అతని తొట్టిలో ఉన్నవి రెండే ప్రాణాలు, ఒక చిటికె రొయ్య, ఒక కావలి చేప. రొయ్యకి చూపు ఆనదు. రోజంతా డెక్కలతో ఇసుక తోడి బొరియ కడుతూనే ఉంటుంది. చేపకి కళ్లు బాగా కనిపిస్తాయి కానీ తవ్వడం చేతకాదు. అందుకని చేప గుమ్మంలో కూచుంటుంది, రొయ్య పని చేసుకుంటుంది. బయటికి వచ్చినప్పుడల్లా తన మీసం ఒకటి చేప ఒంటి మీద ఆనించి ఉంచుతుంది. చేప తోక అదిలించిందంటే ఏదో వస్తోందన్నమాట, ఇద్దరూ లోపలికి దూరిపోతారు. గెడే పొద్దున్నించి సాయంత్రం దాకా ఆ మీసాన్నే చూస్తూ కూచునేవాడు. అది చేప మీద ఆనిన ప్రతిసారీ అతనికి ఒంట్లో ఎక్కడో హాయిగా ఉండేది. కాస్త ఈర్ష్యగానూ ఉండేది.

మా పని కూడా అలాంటిదే. ఒకడు నోట్లో గాలి గొట్టం పెట్టుకుని కిందికి దిగుతాడు. ఒకడు పడవలో గాలి మిషను దగ్గర కూచుని ఆ గొట్టం చేత్తో పట్టుకుంటాడు. ఒకసారి లాగితే అంతా బాగే. మూడుసార్లు లాగితే మెల్లగా పైకి రా అని. గెడేకి పద్నాలుగేళ్లు పైన కూచున్నవాడు కోమాంగ్ సుదర్బ. గెడే కాళ్లు పోయిన రోజు అతను అడుగున ఉండగా మిషన్లో పెట్రోలు అయిపోయింది, గాలి ఆగిపోయింది. ఊపిరాడక గెడే ఒక్క విసురున పైకి తన్నుకొచ్చాడు. అంత లోతునుంచి అలా వస్తే ఒంట్లో గాలి బుడగలు కట్టి కాళ్లు చచ్చుబడతాయని మా ఊళ్లో పిల్లలకి కూడా తెలుసు. కోమాంగ్ కునుకు తీశాడని ఊరు తేల్చేసింది. ఆసుపత్రిలో గెడేని ఎవరూ అడగలేదు. అతనూ చెప్పలేదు.

ఆ తర్వాత కోమాంగ్ ఈ గడప తొక్కలేదు. నాలుగేళ్ల కిందట అతని భార్య కెర్తి పోయినప్పుడు గెడే కూడా వెళ్లలేదు. ఇసుకలో కుర్చీ నడవదని కబురు పంపి ఊరుకున్నాడు.

ఈ ఏడు మౌనదినం ముందు రోజు సంగతి ఇది. మాకు ఏడాదికి ఒక రోజు నిప్పు రాజెయ్యరు, పని చెయ్యరు, గడప దాటరు. ఊరు ఊరంతా చచ్చినట్టు పడుంటుంది. ముందు రోజు సందెవేళ మాత్రం దానికి సరిగ్గా ఎదురు, ఒకటే గోల. గిన్నెలూ డబ్బాలూ వాయించి ఇంట్లో మూలమూలల్నుంచీ దుష్టశక్తుల్ని తరిమేస్తారు. రేపు మేత వెయ్యడం కూడా పనే కదా, ఇవాళే కాస్త ఎక్కువ వేద్దామని గెడే తొట్టి మీద వల మూత తీశాడు. అంతలో వదిన కొబ్బరాకుల కాగడాతో, ఇత్తడి గిన్నెతో ఊడిపడింది.

"ఫో! ఫో! ఫోండి ముదనష్టపు వెధవల్లారా!" ఆవిడ మంచం కింద వాయించింది, బీరువా వెనక వాయించింది, తొట్టి నెత్తి మీద మరీ వాయించింది. "నీ గదిలోనే ఎక్కువుంటాయి మరిదీ. మాట్లాడేవాళ్లు లేని చోటే అవి కాపురం పెడతాయి."

"చెవులు పోతున్నాయి వదినా!"

"పోనీ. అవీ పోతాయి."

ఆ పొగలో, నవ్వులో మూత సంగతి మరిచిపోయాడు.

తెల్లారాక చూస్తే కావలి చేప గోడవార నేల మీద ఎండి కరకరలాడుతోంది. బెదిరి పైకి ఎగిరిందన్నమాట. గెడే ఒంగి తీయబోయాడు, కుర్చీలోంచి చెయ్యి అందలేదు. వదినని పిలుద్దామంటే ఆ రోజు గొంతెత్తకూడదు. చీపురు పుల్లతో చక్రం దాకా లాక్కుని, తీసి కాఫీ గ్లాసులో పెట్టుకున్నాడు. పారేద్దామన్నా గడప దాటడానికి లేదు.

బయట ఒక్క బండి లేదు, ఒక్క రేడియో లేదు, కోళ్లు కూడా ఊరి మాట విన్నట్టే ఉన్నాయి. దీపం వెయ్యలేదు. మోటారు మాత్రం ఆపలేదు, ఆ మాత్రానికి దేవుడు చూసీ చూడనట్టు ఊరుకుంటాడని వదిన ఎప్పుడో తీర్పు చెప్పేసింది. ఎనిమిదింటికి రొయ్య గుమ్మంలోకి వచ్చింది. మీసం చాపింది. ఎడం పక్క తడిమింది, కుడి పక్క తడిమింది. ఏమీ తగల్లేదు. వెనక్కి పోయింది. కాసేపటికి మళ్లీ వచ్చింది, మళ్లీ తడిమింది. గెడే లెక్కపెట్టకూడదనుకుంటూనే పంతొమ్మిది సార్లు లెక్కపెట్టాడు. మధ్యాహ్నానికి అది గులకరాళ్లు ఒక్కొక్కటే ఎత్తి లోపల్నుంచి గుమ్మం మూసేసుకుంది.

ఇక అది బయటికి రాదు. మేత కోసం కూడా ధైర్యం చెయ్యదు. గెడేకి ఏడుపొచ్చింది. రొయ్య కోసం ఏడవడానికి సిగ్గేసింది కానీ చూసేవాళ్లెవరూ లేరు కాబట్టి ఏడ్చాడు. ఆ జాతి కావలి చేప పట్టాలంటే సముద్రంలో తూర్పు వాలున పద్దెనిమిది మీటర్లు దిగాలి. ఈ ఊళ్లో అక్కడికి దిగేవాడు ఇప్పుడు ఒక్కడే.

మర్నాడు ఊరు మళ్లీ నోరు విప్పింది. ఆ రోజు ఇంటింటికీ తిరిగి తప్పులు మన్నించమని ఒకరినొకరు అడుగుతాం. కొత్త చీర కట్టుకుని బయల్దేరుతున్న వదినని గెడే ఆపాడు.

"కోమాంగ్‌కి ఒక మాట చెప్తావా? నాకో కావలి చేప కావాలని."

"ఆ నిద్రమొహం వాడికా? నీ కాళ్లు మింగినవాడి గుమ్మం నేనెక్కుతానా?"

అప్పుడైనా చెప్పొచ్చు. నోటి దాకా వచ్చింది. "దారిలో కనిపిస్తే చెప్పు వదినా" అని మాత్రం అన్నాడు.

సాయంత్రం నాలుగింటికి కోమాంగే వచ్చాడు. జుట్టు ఇంకా తడిగా ఉంది, నెరిసింది కూడా. చేతిలో నీళ్ల సంచీ, అందులో చేప.

"దారిలో మీ వదిన చెప్పింది. గుమ్మంలో పెట్టి పోదామనుకున్నా. ఆవిడ ఇంట్లో లేదు."

"సంచీ తేల్చాలిగా అన్నా. నీళ్ల సంచీ నేను కుర్చీలోంచి ఎత్తలేను."

పట్టిన చేపని తెచ్చీ తేగానే తొట్టిలో పొయ్యకూడదు. సంచీని తొట్టి నీళ్ల మీద తేలనిచ్చి, రెండు నీళ్లూ ఒక వేడికి వచ్చేదాకా ఆగాలి. తక్కువలో తక్కువ ఇరవై నిమిషాలు. ఏ పగవాడైనా చేప ప్రాణం కోసం ఆ ఇరవై నిమిషాలూ కూచోవాల్సిందే. కోమాంగ్ సంచీ తేల్చి గడప మీద చతికిలబడ్డాడు.

"ఇప్పుడు నువ్వే దిగుతున్నావటగా?" అన్నాడు గెడే.

"దిగక?"

"పైన ఎవరుంటున్నారు?"

"ఎవరూ లేరు. లంగరేసి దిగుతా. నిద్రపోయేవాడితో జతకట్టేదెవడ్రా?" కోమాంగ్ ఆ మాట మామూలుగానే అన్నాడు.

సంచీలో చేప ఒక పక్కకి తిరిగింది. గెడే అటే చూస్తూ అన్నాడు. "అన్నా, ఆ రోజు నువ్వు మూడుసార్లు లాగావు."

"లాగాను. పెట్రోలు అడుగంటింది, లాగాను."

"నాకు తెలిసింది. జత చేపలు కనిపించాయి. ఇంకొక్క నిమిషం అనుకున్నా."

"నీకు తెలిసిందని నాకు తెలుసురా. అంతా బాగే అని తిరిగి ఒకసారి లాగావుగా."

 తను తిరిగి లాగిన సంగతి గెడే కూడా మరిచిపోయాడు. కాదు, మరిచిపోయినట్టు బతికాడు.

"ఎవరికైనా చెప్పావా?"

"చెప్పా. కాళ్లు పోయినవాడి మీదకి తోస్తున్నాడన్నారు. మళ్లీ నోరెత్తలా."

"నన్ను మన్నించన్నా."

"ఇవాళ అందరూ అడుగుతారు. పొద్దున్నించి పదిమందిని నేనూ అడిగా." కోమాంగ్ లేచి సంచీ మీద చెయ్యి పెట్టి చూశాడు, ఇంకా కాలేదు, మళ్లీ కూచున్నాడు. "కెర్తి పోయేముందు అడిగింది. ఇప్పుడైనా నిజం చెప్పు, ఆ రోజు కునుకు పట్టిందా అని. లేదే అన్నాను. అటు తిరిగి పడుకుంది. అంతే. మళ్లీ ఇటు తిరగలా."

 వేళయ్యాక కోమాంగ్ చేపని మెల్లగా వదిలాడు, మూత వేశాడు. వెళ్తూ వెళ్తూ, "ఈ మాట వాడ సభలో చెప్పు" అన్నాడు.

మూడో రోజున గులకరాళ్లు కదిలాయి. కొత్త చేప అప్పటికే గుమ్మం ఎదుట కాపేసింది. రొయ్య మీసం బయటికొచ్చింది, తడిమింది, చేప వీపు మీద ఆగింది. గెడే తల తిప్పి ఎవరికో చెప్పబోయాడు. గదిలో ఎవరూ లేరు.

వాడ సభ నెలాఖరున. మండపంలో డెబ్బైమంది మగవాళ్లు వరసల్లో కూచున్నారు. వదిన మరి నలుగురు ఆడవాళ్లతో గోడ పక్కన కాఫీలు కలుపుతోంది. కోమాంగ్ చివరి స్తంభం దగ్గరున్నాడు. గెడే చెయ్యెత్తాడు. పదకొండేళ్లుగా ఈ క్షణం తలుచుకుంటే చాలు అతనికి చెమటలు పట్టేవి. ఊరు ఉమ్ముతుందనుకున్నాడు, అన్నం పెట్టే ఇల్లు కూడా పొమ్మంటుందనుకున్నాడు.

"కోమాంగ్ ఆ రోజు నిద్రపోలేదు. మూడుసార్లు లాగి పిలిచాడు. నేనే రాలేదు. తప్పు నాది."

 ముందు వరస ముసలాయన ఒకడు తమలపాకు నములుతూ, "పోన్లే నాయనా, పాతసంగతి. ఇప్పుడెందుకు తవ్వుకోవడం?" అన్నాడు. సభపెద్ద తలూపాడు. "సరే, విన్నాం. తర్వాతది గుడి కప్పు సంగతి." కప్పుకి గడ్డి వెయ్యాలా, రేకులు వెయ్యాలా అని గంటసేపు కొట్టుకున్నారు.

సభ ముగిశాక మెట్ల కింద కోమాంగ్ ఎదురొచ్చాడు. కుర్చీ ముందు ఆగి, చాలాసేపు గెడే మొహంలోకి చూశాడు. కళ్లలో కోపం లేదు.

"ఇంతేనా గెడే? ఇంత చిన్న మాటకా పదకొండేళ్లు పట్టింది?"

 కోమాంగ్ చెప్పులు వేసుకుని ఒడ్డు వైపు నడిచి వెళ్లిపోయాడు. వదిన కాఫీ గ్లాసులు కడిగి, చేతులు తుడుచుకుని వచ్చి కుర్చీ పట్టుకుంది. ఇల్లు చేరేదాకా ఆవిడ ఒక్క మాట మాట్లాడలేదు.