గురజాల నుంచి తెచ్చిన మట్టి

మట్టి కోసం రైలెక్కినవాణ్ణి ఈ జిల్లాలో నేనొక్కణ్ణే అయ్యుంటాను. గుంటూరులో మాది మట్టి పరీక్షల ఆఫీసు. కాలువలకీ కట్టలకీ తవ్వే నేల ఎంత గట్టిదో తేల్చి చెప్పడం మా పని. గురజాల అవతల కొత్తగా తవ్వుతున్న కాలువలో గట్టు ఒకటి వానకు జారి, పంతొమ్మిదేళ్ళ పిల్లను పొట్టన పెట్టుకుంది. ఆ మట్టిని మూడు నెలల కిందట పరీక్ష చేసి, గట్టు నిటారుగా కోసినా నిలుస్తుందని కాగితం రాసిందెవరు? నేనే. తప్పు ఎక్కడ జరిగిందో చూసి రమ్మని మా పెద్ద ఆఫీసరు నన్నే తరిమాడు. ఉద్యోగం పోతే పోయింది, ఆ పిల్ల ఉసురు తగిలితే ఎట్లా అని రెండ్రోజులు నిద్ర పట్టలేదు.

పొద్దున ఆరున్నరకు మాచర్ల పాసింజరు. మూడో తరగతి టిక్కెట్టు. భుజాన నేలకు బెజ్జం వేసే ఇనప బరమా, సంచిలో ఆరు రేకు డబ్బాలు, మూతలకు పూయడానికి మైనం. ఆ బరమా పైన పట్టదు, కింద పెడితే జనం తట్టుకుని పడతారు. చివరికి ఒళ్ళో పెట్టుకుని కూచున్నాను. సత్తెనపల్లిలో ఎక్కిన బట్టల షావుకారు ఒకాయన దాన్ని ఎగాదిగా చూసి, మట్టి తేవడానికని కనుక్కుని, "మట్టి కోసం రైలెందుకయ్యా, మా దొడ్లో ఊరికే ఇస్తాగా" అన్నాడు. పెట్టెలో అందరూ నవ్వారు. నాకు ఒళ్ళు మండింది. ఎందుకు పోతున్నానో చెబితే నవ్వు ఆగేదే, నోరు రాలేదు. పిడుగురాళ్ళలో బండి చానాసేపు ఆగుతుంది. వెళ్ళేవాళ్ళు అక్కడే రెండు ఇడ్లీలు తినండి. తర్వాత దొరికేది సోడా, ఉడకబెట్టిన శెనక్కాయలు.

గురజాలలో దిగేసరికి పదకొండు దాటింది. అక్కణ్ణుంచి ఎడ్లబండి మీద రెండు గంటలు. దారికి రెండు పక్కలా నాపరాళ్ళు నిలబెట్టిన దడులు, జొన్నచేలు. తాగే నీళ్ళకు మైలు నడిచే ఊళ్ళు. అట్లాంటిచోట, కాలువ పక్కన మట్టి తీసిన గుంటల్లో వాననీళ్ళు నిలిచి, అప్పుడే జమ్ము మొలిచింది. కొంగలు దిగాయి. కాలువ రాకముందే కొంగలొచ్చాయని బండివాడు సంబరంగా చూపించాడు. పని మాత్రం ఆగిపోయి ఉంది. తవ్విపోసిన మట్టి గుట్టల మీద మనిషి జాడ లేదు.

దావీదు మేస్త్రి ఒక్కడే గట్టు మీద నాకోసం కూచుని ఉన్నాడు. అరవై ఏళ్ళుంటాయి. అక్కడి మట్టిపనివాళ్ళందరికీ ఆయనే పెద్ద. చనిపోయిన రూతు ఆయన కూతురే. ఈ మాట ఆఫీసులో ఎవరూ చెప్పలేదు, బండివాడు ఎడ్లు విప్పుతూ నా చెవిన వేశాడు. ఎట్లా పలకరించాలో తెలియక బరమా పట్టుకుని నిలబడిపోయాను. ఆయనే లేచొచ్చి, ఎండన పడి వచ్చారని ముంతతో మజ్జిగ ఇచ్చాడు.

జారిన చోటికి పక్కనే బరమా దించాను. మేస్త్రి చెయ్యి వేయబోతే వద్దన్నాను. నిలువెత్తు లోతు దాకా గట్టి నేల, చేతులు బొబ్బలెక్కాయి. ఆ కింద బరమా ఉన్నట్టుండి మెత్తగా దిగిపోయింది. పైకి లాగితే నల్లగా, జిగటగా, సబ్బులా జారే మట్టి. మూరెడు మందం ఉంది. గట్టంతా దీనిమీదే జారిందని చూడగానే తెలిసింది. మరి అప్పట్లో నాకు వచ్చిన డబ్బాలో ఇది లేదే! దాన్ని డబ్బాలో వేస్తుంటే మేస్త్రి నా చెయ్యి పట్టుకున్నాడు.

"అది పనికిమాలిన మట్టయ్యా. పోయినసారి గుంట తవ్వినప్పుడు దాన్నంతా ఏరి పారేసి, మంచిదే పంపిచ్చా."

ఎందుకని నెమ్మదిగా అడిగాను. ఈమాత్రం తెలియదా అన్నట్టు జాలిగా చూశాడు. మిరపకాయలు అమ్మబోయి మచ్చు చూపించేటప్పుడు ఎవరన్నా తాలుకాయ పెడతారా? ఆఫీసుకు పోయే మట్టాయె. పెళ్ళలు చిదిపి, రాళ్ళు తీసి, రూతు చేత జల్లెడ పట్టించి మరీ పంపాడట. మా నేల బాగాలేదని ఆఫీసర్లు కాలువను ఇంకోపక్కకు తిప్పుతారేమోనని ఆయన భయం. మైనం కరిగించడానికి అగ్గిపుల్ల గీస్తే నాలుగు ఆరిపోయాయి.

మూడింటికి వాళ్ళింట్లో అన్నం తిన్నాను. మేస్త్రి భార్య మార్తమ్మ జొన్నన్నం, గోంగూర పచ్చడి పెట్టింది. మా అమ్మ ఉందా, ఎంతమంది పిల్లలం అని అడిగింది. మట్టి సంగతి ఎత్తలేదు.

మేస్త్రి స్టేషను దాకా బండిలో వచ్చాడు. రైలుకు ఇంకా పావుగంట ఉంది. డబ్బాలు దించి నా ఎదురుగా నిలబడ్డాడు.

"ఒక్కటి చెప్పి పోండయ్యా. నేను పారేసిన మట్టేనా నా బిడ్డను చంపింది?"

"కాదు. తప్పు మాది. మట్టి తియ్యడానికి మేమే రావాల్సింది" అన్నాను.

ఆయన నా మొహంలోకి చానాసేపు చూశాడు. నమ్మలేదు. నమ్మడానికి ఆయనేం పసివాడు కాదు.

"ఆ మాటే కాయితం మీద రాసియ్యండి. మా మార్తమ్మకు చదవొచ్చు. ఇంతవరకూ నన్నేం అడగలా. ఇయ్యాళ కాకపోతే రేపు అడుగుద్ది."

డబ్బా మీద కాగితం పెట్టి రాశాను. కింద నా పేరు, ఆఫీసు పేరు, సంతకం. అది మావాళ్ళ చేతిలో పడితే నా పని అయిపోయినట్టే. ఆయన దాన్ని నాలుగు మడతలు పెట్టి చొక్కా లోపల దాచుకుని దణ్ణం పెట్టబోయాడు. చేతులు పట్టుకుని ఆపాను. అంతలో రైలొచ్చింది.

పెట్టెలో జనం పల్చగా ఉన్నారు. ముసలాయన మీద జాలితో అబద్ధం రాసిచ్చానని అనుకున్నాను. సిగ్గు విడిచి చెబుతున్నాను, కాస్త గొప్పగా కూడా అనిపించింది. నడికుడి దాటాక ఆనాటి డబ్బా గుర్తొచ్చింది. మట్టి పంపండి అని తప్ప, ఏ లోతుది, ఎట్లా తియ్యాలి, ఎందుకు అని మా ఉత్తరంలో ఒక్క ముక్క లేదు. మూత తీస్తే రాయి లేదు, వేరు లేదు, జల్లించిన పిండి. అట్లాంటి నేల ఎక్కడా ఉండదని నాకు తెలుసు. తెలిసి కూడా పని తొందరగా తెమిలిపోతుందని సంతోషించాను. ఆఫీసులో పక్క బల్ల ఆయన్ని పిలిచి, ఎంత శుభ్రంగా పంపారో చూడమని చూపించాను కూడా.

తల కిటికీకి ఆనించి ఏడ్చాను. నేను రాసిచ్చింది నిజమే. అక్షరం పొల్లుపోని నిజం. గుంటూరు చేరాక ఆఫీసు కాగితంలోనూ అదే రాశాను. మేస్త్రి మాత్రం అది నేను జాలిపడి చెప్పిన అబద్ధమే అనుకుని చొక్కాలో పెట్టుకుపోయాడు.